కాన్హోజీ ఆంగ్రే ఓడదొంగా, సర్ఖేలా? ఆంగ్రేలకూ ఈస్టిండియా కంపెనీకీ జరిగిన గొడవ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

అలీబాగ్ వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ సముద్రంలో నిలబడ్డ ఆంగ్రేల కొలాబా కోట ఫోటో పెట్టి, కింద "ఇది ఎవరో పైరేట్ కోటంట" అని రాస్తున్నారు. ఆ "అంట" దగ్గరే నాకు చిరాకు. అడిగిన వాళ్లకల్లా విడివిడిగా చెప్పేకంటే ఒకేచోట రాసిపెడితే నయమనిపించి ఇది రాస్తున్నాను.

అసలు ఈ ఆంగ్రేలు ఎవరు?

కొంకణ తీరంలో మరాఠా నౌకాదళాన్ని నడిపిన కుటుంబం. పుణె వైపు అంగరవాడి అనే ఊరు వాళ్లది, ఆ ఊరి పేరే ఇంటిపేరైంది. తండ్రి తుకోజీ శివాజీ కాలంలోనే కొలువులో ఉన్నాడు. కొడుకు కాన్హోజీ సువర్ణదుర్గ్ కోట దగ్గర పైకొచ్చాడు. అప్పుడు పరిస్థితి ఎలా ఉందంటే, ఔరంగజేబు దక్కన్‌లో మకాం వేసి కోటల్ని ఒక్కొక్కటిగా మింగుతున్నాడు, మరాఠా రాజు రాజారాం ఎక్కడో దక్షిణాన జింజీ కోటలో తలదాచుకున్నాడు, కొంకణ తీరాన్ని పట్టించుకునే నాథుడు లేడు. అలాంటప్పుడు తీరాన్ని నిలబెట్టినవాడు కాన్హోజీ. సుమారు 1698 నాటికి ఆయనకు "సర్ఖేల్" పదవి వచ్చింది. మన మాటల్లో నౌకాదళాధిపతి. కొలాబా, సువర్ణదుర్గ్, విజయదుర్గ్, ఖాందేరి, ఇలా ముంబై గుమ్మం ముందు నుంచి దక్షిణం దాకా కోటల వరసంతా ఆయన చేతిలోకి వచ్చింది.

మరి దొంగా కాదా? సూటిగా చెప్పండి.

కాదు. కానీ "కాదు" అని ఊరుకుంటే సరిపోదు, ఎందుకు అన్నారో తెలియాలి.

ఆ రోజుల్లో పశ్చిమ సముద్రంలో ఓడ నడపాలంటే చీటీ ఉండాలి. ఈ అలవాటు తెచ్చింది పోర్చుగీసువాళ్లు. వాళ్ల చీటీని కార్తాజ్ అనేవాళ్లు. డబ్బు కట్టి అది తీసుకోకుండా దొరికితే ఓడ, సరుకు అన్నీ గల్లంతే. తర్వాత వచ్చిన ఇంగ్లీషు కంపెనీ కూడా తన పేరు మీద అలాంటి చీటీలే, దస్తక్‌లు, ఇచ్చింది. కాన్హోజీ చేసింది కూడా అదే: ఈ తీరం మరాఠా రాజ్యానిది, ఇక్కడ తిరిగే ఓడ నా దస్తక్ తీసుకోవాలి, తీసుకోకపోతే పట్టుకుంటాను. ఇప్పటి భాషలో టోల్ గేట్. పోర్చుగీసువాడు గేటు పెడితే పన్ను, కంపెనీ గేటు పెడితే రక్షణ, మరాఠావాడు గేటు పెడితే దోపిడీ!

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు. పట్టుకున్న ఓడల మీద నాలుగు డబ్బులు ఎక్కువే లాగాడు, మనుషుల్ని బందీలుగా పెట్టుకుని సొమ్ము వసూలు చేశాడు. కంపెనీ కూడా అదే పని చేసింది. తేడా ఏంటంటే కంపెనీ రాసుకున్న లెక్కలూ ఉత్తరాలూ లండన్‌లో భద్రంగా ఉన్నాయి, తర్వాత చరిత్ర రాసినవాళ్లు వాటినే ముందు చదివారు.

అయితే ఆ సముద్రంలో నిజమైన ఓడదొంగలు లేరా?

భేషుగ్గా ఉన్నారు, చాలామంది ఇంగ్లీషువాళ్లే. 1695లో హెన్రీ ఎవరీ అనేవాడు మక్కా నుంచి సూరత్‌కు వస్తున్న "గంజ్-ఇ-సవాయి"ని పట్టుకున్నాడు. అది ఔరంగజేబు సొంత ఓడ, నిండా యాత్రికులు. దోచుకోవడమే కాదు, ఆడవాళ్ల మీద అఘాయిత్యాలు జరిగాయి. సూరత్ భగ్గుమంది. కంపెనీ మనుషుల్ని సంకెళ్లేసి కూర్చోబెట్టారు, ఎందుకంటే జనం దృష్టిలో ఆ దొంగా ఈ వర్తకుడూ ఒకటే జాతి, ఒకటే జెండా. ఎవరీ మాత్రం దొరకలేదు. తర్వాత కెప్టెన్ కిడ్ వచ్చాడు. దొంగల్ని పట్టడానికి పంపితే తనే దొంగై 1701లో లండన్‌లో ఉరికంబం ఎక్కాడు.

కంపెనీతో గొడవ ఎక్కడ మొదలైంది?

చిన్నచిన్న తగాదాలు ముందే ఉన్నాయి గానీ అందరూ చెప్పుకునేది 1712 సంగతి. ముంబై గవర్నర్ ఐస్లాబీకి చెందిన "ఆల్జెరీన్" అనే సాయుధ ఓడను కాన్హోజీ మనుషులు పట్టుకున్నారు. కార్వార్‌లో కంపెనీ పెద్దగా ఉన్న థామస్ చౌన్ ఆ పోరులో చనిపోయాడు, ఆయన భార్య కేథరిన్ బందీ అయింది. మరుసటి ఏడాది 30,000 రూపాయలు చెల్లించి విడిపించుకున్నారు.

ఈ కేథరిన్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. చిన్న వయసులోనే కార్వార్‌లో ముసలి అధికారి హార్వీకి కట్టబెట్టారు, ఆయన పోయాడు. రెండో భర్త చౌన్ సంగతి పైన చూశారు. మూడో భర్త గిఫర్డ్ కేరళ తీరంలో అంజెంగో కోట పెద్ద, 1721లో ఆట్టింగల్‌లో స్థానికులు తిరగబడి చంపిన కంపెనీవాళ్లలో ఆయనా ఒకడు. కంపెనీ చరిత్రలో గవర్నర్లకు ఇచ్చిన చోటు ఈమెకు ఇచ్చి ఉంటే ఇంకా బాగా చదివేవాళ్లం.

రాజీ కుదరలేదా?

కుదిరింది, 1713లో. ఇంగ్లీషు ఓడల జోలికి రానని ఒప్పుకున్నాడు. దాదాపు అదే సమయంలో కాన్హోజీకి ఇంట్లో కూడా ఒక లెక్క తేలింది. మరాఠా గద్దె కోసం తారాబాయి వర్గం, శాహూ వర్గం కొట్టుకుంటుంటే, కొత్తగా పేష్వా, అంటే మరాఠా రాజుకు ప్రధానమంత్రి, అయిన బాలాజీ విశ్వనాథ్ వచ్చి మాట్లాడి కాన్హోజీని శాహూ వైపు తిప్పాడు. సర్ఖేల్ పదవి ఖాయమైంది, కోటలూ చేతిలోనే మిగిలాయి.

కంపెనీతో రాజీ మాత్రం ఒక్క ప్రశ్న దగ్గర చెడింది: "ఇంగ్లీషు ఓడ" అంటే ఏది? కంపెనీ ఓడ సరే. మరి సూరత్ సేఠ్ ఓడ మీద కంపెనీ దస్తక్ ఉంటే అది ఇంగ్లీషు ఓడేనా? కంపెనీ అవునంది. కాన్హోజీ కాదన్నాడు. ఆయన వైపు నుంచి చూడండి. ఊళ్లో ప్రతి వర్తకుడూ వెళ్లి కంపెనీ చీటీ తెచ్చుకుంటే ఇక తన చీటీ ఎవరు కొంటారు? "సక్సెస్" అనే ఓడ విషయంలో జరిగిన రభస కూడా ఇదే, దాని యజమాని కంపెనీకి సూరత్‌లో దళారీగా ఉన్న భారతీయ వర్తకుడు. మొత్తం యుద్ధాన్ని ఒక వాక్యంలో చెప్పమంటే నేను ఇదే చెప్తాను: చీటీ అమ్మే హక్కు ఎవరిదన్న తగువు.

కంపెనీ ఎన్నిసార్లు దాడి చేసింది, ఎన్నిసార్లు గెలిచింది?

కాన్హోజీ బతికుండగా గెలిచింది సున్నా.

1715 చివర్లో చార్లెస్ బూన్ ముంబై గవర్నర్‌గా దిగాడు. దిగీదిగగానే ఊరి చుట్టూ గోడ, కొత్త ఓడలు, ఒకటే హడావుడి. విజయదుర్గ్ మీదికి పంపిన దండు ఉత్తచేతులతో తిరిగొచ్చింది. 1718 నవంబరులో ముంబై రేవు ముందే ఉన్న ఖాందేరి దీవి మీద పడ్డారు, అక్కడా అంతే. 1720లో మళ్లీ విజయదుర్గ్. ఈసారి "ఫ్రామ్" అని ఒక తేలే ఫిరంగుల దిమ్మె కట్టి దానిమీద బోలెడు ఆశలు పెట్టుకున్నారు, అది కోటకు పెద్దగా చేసిందేమీ లేదు.

అసలు తమాషా 1721లో. రాయల్ నేవీ కమొడోర్ థామస్ మాథ్యూస్ నాలుగు యుద్ధ ఓడలతో వచ్చాడు. ఆయన వచ్చింది మడగాస్కర్ వైపు తిరిగే ఇంగ్లీషు ఓడదొంగల్ని పట్టడానికి. "ఎలాగూ వచ్చారు కదా, ఆంగ్రే పని కూడా పడదాం" అని బూన్ ఆయన్ని కలుపుకున్నాడు. గోవా నుంచి పోర్చుగీసు వైస్రాయి కూడా సైన్యంతో వచ్చాడు. అంతా కలిసి సుమారు 6,000 మంది, చౌల్ దగ్గర దిగి కొలాబా మీదికి నడిచారు. లోపల కాన్హోజీ. ఆయనకు సాయంగా పేష్వా బాజీరావు గుర్రపుదళం. ఆ గుర్రాలు కనబడగానే పోర్చుగీసు వరస చెదిరింది, దాని వెనకే ఇంగ్లీషు వరస. మాథ్యూస్‌కు స్వయంగా తొడలో ఈటె దిగింది. తనను పొడిచినవాణ్ణి కాల్చబోతే పిస్తోళ్లలో గుండ్లు పెట్టడం మర్చిపోయాడని కూడా కథ ఉంది. తర్వాత మిత్రులిద్దరూ తప్పు నీదంటే నీదని తిట్టుకున్నారు. పోర్చుగీసువాళ్లు 1722 జనవరిలో మరాఠాలతో విడిగా సంధి చేసుకుని వెళ్లిపోయారు.

మాథ్యూస్ ఇంగ్లండు తిరిగి వెళ్లాక ఆయన మీదే విచారణ జరిగింది, దొంగల్ని పట్టమంటే సొంత వ్యాపారం చేసుకున్నావని. ఎవడు దొంగ అన్న మన ప్రశ్నకు ఈ ముక్క బాగా అతుకుతుంది.

1724లో డచ్చివాళ్లు కూడా ఏడు ఓడలతో విజయదుర్గ్ మీద తమ వంతు ప్రయత్నం చేసి వెళ్లారు.

అంత పెద్ద ఓడలు చిన్న పడవల చేతిలో ఎలా ఓడిపోయాయి?

ఇది నాకు బాగా ఇష్టమైన ప్రశ్న, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ఆంగ్రే దగ్గర ప్రధానంగా రెండు రకాలు. గురాబు అంటే రెండు మూడు తెరచాప కొయ్యల ఓడ, ముందు భాగం కిందికి వంగి ఉంటుంది, పెద్ద ఫిరంగులు ఆ ముక్కు మీదే పెట్టి సూటిగా ముందుకు కాలుస్తారు. గల్బత్ అంటే దానికంటే చాలా చిన్నది, నలభై యాభై తెడ్లతో నడిచే చురుకైన పడవ. రెండూ లోతు తక్కువ నీళ్లలో తేలేవే.

ఇప్పుడు ఇంగ్లీషు ఓడ ఊహించుకోండి. దాని ఫిరంగులన్నీ పక్కలకు ఉంటాయి, వెనక మాత్రం ఒకటో రెండో. గాలి ఉన్నంతసేపూ అది సింహమే. గాలి ఆగిందా, నీళ్లలో దుంగ. ఆ సమయం చూసి గల్బత్‌లు తెడ్లేసుకుంటూ గురాబుల్ని తాళ్లతో లాక్కొచ్చి ఓడ తోక వైపు నిలబెడతాయి. అక్కడి నుంచి తెరచాపల మీద, కొయ్యల మీద కాలుస్తారు. ఓడ మునగడం వాళ్లకు అక్కర్లేదు, మునిగితే సరుకు పోతుంది. కదలకుండా పోతే చాలు, తర్వాత గల్బత్‌ల నిండా ఉన్న మనుషులు కత్తులు పట్టుకుని పైకెక్కుతారు.

ఎదురుగాలి తగిలినా, పెద్ద ఓడ గెలుస్తున్నట్టు కనిపించినా సిగ్గుపడకుండా పారిపోతారు. ఎక్కడికి? తీరంలో ఉప్పునీటి కయ్యల్లోకి, నదుల నోళ్లలోకి. పెద్ద ఓడ వెంటబడితే అడుగు ఇసుకలో కూరుకుపోతుంది. దానికి తోడు ప్రతి కయ్య ముందూ ఒక కోట, కోట మీద ఫిరంగులు. విజయదుర్గ్ సంగతే చూడండి, వాఘోటన్ నది నోట్లో కూర్చుంది, ఓడలు లోపల, కోట బయట. ఓడదొంగకు ఓడ ఉంటే చాలు, ఇంత తీరం, ఇన్ని కోటలు, ఓడలు కట్టే టేకు కలప, వడ్రంగులు, జీతగాళ్లు ఉండేది రాజ్యానికి.

రామా కామతి ఎవరు? ఈ కథలో ఆయన పేరు ఎందుకు వస్తుంది?

ముంబైలో పేరున్న వర్తకుడు, కంపెనీకి దగ్గరివాడు. వాల్కేశ్వర్ గుడిని తిరిగి కట్టించింది ఈయనే. దాడులు వరసగా విఫలమవుతుంటే బూన్‌కు ఎవరో ఒకరు దొరకాలి కదా, లోపలి గుట్టు ఆంగ్రేకు చేరవేస్తున్నాడని కామతి మీద పడ్డారు. సాక్షుల్ని హింసించి మాటలు రాబట్టారు, 1720లో విచారణ అయింది, ఆస్తి జప్తు, చెరసాల. అందులోంచి ఆయన బయటపడలేదు. సాక్ష్యంగా చూపిన ఉత్తరాలు దొంగవని తర్వాత తేలింది. ఓడిపోయిన సేనానులకు మాత్రం ఇంత శిక్ష పడలేదు.

కాన్హోజీ కంపెనీకి రాసిన ఉత్తరంలో ఏముంది?

1724లో కొత్త గవర్నర్ ఫిప్స్ "నువ్వు పక్కవాడి సొత్తు లాక్కుని బతుకుతున్నావు" అన్న ధోరణిలో సుద్దులు చెప్తూ రాశాడు. దానికి కాన్హోజీ జవాబు సారం ఇది: ఆశ అనేది వర్తకులకూ తక్కువేం కాదు, లోకం తీరే అంత, దేవుడు నేరుగా తన చేత్తో ఎవరికీ ఏమీ ఇవ్వడు, ఒకడి దగ్గర తీసి ఇంకొకడికి ఇస్తాడు, అది న్యాయమో అన్యాయమో తేల్చడానికి మనమెవరం? మా శివాజీ మహారాజు నలుగురు రాజులతో పోరాడి రాజ్యం కట్టాడు, మా మొదలు అక్కడే అని కూడా గుర్తుచేశాడు. అంటే నన్ను దొంగ అనకు, నేనొక రాజ్యానికి చెందినవాణ్ణి అని. ఈ రోజుల్లో అయితే స్క్రీన్‌షాట్ తీసి అందరూ పంచుకునేవాళ్లు.

జంజీరా సిద్దీలు ఎటువైపు?

మొఘలుల వైపు. ఆఫ్రికా మూలాలున్న ఆ కుటుంబం జంజీరా దీవికోటలో ఉండి మొఘల్ నౌకాదళం నడిపింది. శివాజీకీ లొంగలేదు, కాన్హోజీకీ లొంగలేదు. ముంబైని కూడా అప్పుడప్పుడు బెదిరించింది. వాళ్లది ప్రత్యేకంగా రాయాల్సిన కథ, ఇక్కడ కుదించలేను.

కాన్హోజీ తర్వాత ఏమైంది?

1729 జులైలో ఆయన పోయాడు. కొడుకులు సేఖోజీ, సంభాజీ, మానాజీ, తుళాజీ. సేఖోజీ నాలుగేళ్లకే చనిపోయాడు, మిగతావాళ్లు ఆస్తి కోసం పడ్డారు. అన్నదమ్ముల తగువు తీర్చే పెద్దమనిషిలా పేష్వా మధ్యలోకొచ్చి 1735లో పంచాడు: మానాజీకి కొలాబా, సంభాజీకి సువర్ణదుర్గ్, విజయదుర్గ్. పొలం పంచినట్టు నౌకాదళం పంచితే ఏమవుతుందో అదే అయింది. అయినా వెంటనే కూలిపోలేదు. 1735 చివర్లో సంభాజీ కంపెనీ పెద్ద ఓడ "డర్బీ"ని పట్టుకున్నాడు, ఆ దెబ్బ కంపెనీ చాలాకాలం మర్చిపోలేదు. ఆయన తర్వాత దక్షిణ భాగానికి వచ్చిన తుళాజీ 1749లో "రెస్టోరేషన్" అనే పెద్ద సాయుధ ఓడను లాక్కున్నాడు. మనిషి మొండి. కంపెనీనే కాదు, పేష్వానూ లెక్కచేయలేదు, కట్టాల్సింది కట్టలేదు.

పేష్వా నానాసాహెబ్‌కు ఒళ్లు మండి కంపెనీతో చేయి కలిపాడు. 1755 మార్చిలో ముంబైతో ఒప్పందం, ఏప్రిల్లో కమొడోర్ విలియం జేమ్స్ 44 ఫిరంగుల "ప్రొటెక్టర్"తో సువర్ణదుర్గ్‌ను కొట్టాడు. నలభై ఏళ్లుగా కదలనిది రోజుల్లో కూలింది. 1756 ఫిబ్రవరిలో విజయదుర్గ్ వంతు. సముద్రం మీద అడ్మిరల్ వాట్సన్, నేల మీద రాబర్ట్ క్లైవ్, మరో పక్క పేష్వా సైన్యం. తుళాజీ మరాఠా శిబిరానికి వెళ్లి మాటలు నడిపాడు. కోట ఎక్కడ మరాఠాల చేతికి పోతుందోనని ఇంగ్లీషువాళ్లు ఆగకుండా కాల్పులు మొదలుపెట్టారు. ఒక గుండు పడి, ఇంగ్లీషువాళ్ల దగ్గర లాక్కున్న ఆ "రెస్టోరేషనే" అంటుకుంది. పక్కపక్కనే కట్టేసిన ఓడలకు మంటలు పాకి ఆంగ్రే నౌకాదళమంతా ఒక్క రోజులో బూడిదైంది.

కోటలో దొరికిన సుమారు 10 లక్షల రూపాయల సొత్తును ఇంగ్లీషువాళ్లే పంచుకున్నారు, పేష్వాకు ఒక్క రూపాయి దక్కలేదు. కోట కూడా వెంటనే ఇవ్వలేదు. నెలల తరబడి బేరమాడి బదులుగా బాణకోట్ కోట పుచ్చుకుని అప్పుడు వదిలారు. తుళాజీ మిగిలిన జీవితమంతా పేష్వా ఖైదులోనే గడిపాడు. కొలాబా శాఖ చిన్న సంస్థానంగా మిగిలి 1840లో వారసుడు లేడన్న సాకుతో కంపెనీలో కలిసిపోయింది.

అంటే తప్పు పేష్వాదేనా?

నా లెక్కలో చాలావరకు అవును. తుళాజీ సాధువేం కాదు, పేష్వాకు కోపం రావడంలో కారణముంది. కానీ ఇంటి కుక్క కరిచిందని పక్కింటివాడి చేత దాన్ని చంపించి, రాత్రికి తలుపు తీసి పడుకున్నట్టుంది ఆ పని. పేష్వాకు తన నౌకాదళం వేరే ఉంది గానీ ముంబైని భయపెట్టిన తీరు మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు. 1774 చివర్లో కంపెనీ ముంబై పక్కనే ఉన్న సాష్టీ దీవిని మరాఠాల నుంచి లాక్కుంది. అప్పుడు అడ్డంపడే ఆంగ్రే లేడు.

మన తెలుగువాళ్లకు ఈ కథతో సంబంధం ఉందా?

నేరుగా లేదు, లేనిది అంటించను. కానీ మనుషుల దారులు కలుస్తాయి. విజయదుర్గ్ కొట్టిన క్లైవ్, వాట్సన్ అక్కడి నుంచి మద్రాసుకు, 1756 అక్టోబరులో మద్రాసు నుంచి బెంగాల్‌కు వెళ్లారు. మరుసటి ఏడాది ప్లాసీ. ఆ బెంగాల్ నుంచే క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ను మన వైపు పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధం, 1759లో ఫ్రెంచివాళ్ల నుంచి బందరు కోట పోవడం దాని ఫలితమే. ఇంకొకటి, 1720లో కొమొరోస్ దీవుల దగ్గర ఇంగ్లీషు ఓడదొంగలతో పోరాడి "కసాండ్రా" ఓడ పోగొట్టుకుని బతికి బయటపడ్డ కెప్టెన్ మెక్రే తర్వాత 1725 నుంచి 1730 దాకా మద్రాసు గవర్నర్.

బందరులో కంపెనీ 1611 నుంచే కొట్టు పెట్టింది. అక్కడ ఆంగ్రే లాంటివాడు ఎందుకు రాలేదని ఒకాయన అడిగాడు. గోల్కొండ సుల్తానుకు మక్కా వైపు వెళ్లే వ్యాపార ఓడలు ఉండేవి గానీ, ఆయన బలమంతా నేల మీదే. వర్తకులు మాట వినకపోతే రేవులో సరుకు ఆపించగలడు, సముద్రంలో వెంటబడలేడు. 1687లో ఆ గోల్కొండా పోయింది.

కొలాబా అంటే ముంబైలో షాపింగ్ చేసే కొలాబానా?

కాదు బాబూ. ఇది అలీబాగ్ ఒడ్డు నుంచి కనిపించే కోట. ఆన్‌లైన్‌లో హోటల్ బుక్ చేసేటప్పుడు కూడా ఇదే గందరగోళం.

ఇప్పుడు వెళ్తే ఏం చూడొచ్చు?

అలీబాగ్‌లో కాన్హోజీ సమాధి ఉంది. కొలాబా కోటకు నీళ్లు వెనక్కి పోయినప్పుడు నడిచే వెళ్లొచ్చు, గుర్రపు బళ్లు కూడా తిరుగుతాయి. నేను వెళ్లినప్పుడు ఫోటోల మోజులో ఆలస్యం చేసి, మోకాళ్ల దాకా నీళ్లలో చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగొచ్చాను. దాడికొచ్చిన సైన్యాల టెన్షన్ ఏంటో ఆ పది నిమిషాల్లో కొంచెం అర్థమైంది. ఖాందేరి దీవి మీద లైట్‌హౌస్‌కు ఆయన పేరే పెట్టారు, ముంబైలో నేవీ స్థావరం పేరు ఐఎన్ఎస్ ఆంగ్రే. ఖాందేరి, సువర్ణదుర్గ్, విజయదుర్గ్ మూడూ 2025లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి, మరాఠా కోటల గుంపులో భాగంగా.

లండన్‌లో ఉండే తెలుగువాళ్లకు ఒకటి. షూటర్స్ హిల్ మీద చెట్ల మధ్య మూడు మూలల గోపురం ఉంటుంది, పేరు సెవెర్న్‌డ్రూగ్ క్యాసిల్. 1784లో విలియం జేమ్స్ భార్య భర్త జ్ఞాపకంగా కట్టించింది. ఆ పేరు మరేదో కాదు, సువర్ణదుర్గే, ఇంగ్లీషు నోట్లో పడి అలా అయింది.